శిలాజ నేలలు, పాతకాలపు వానలు: సిరొంచ, చాందా వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో రాక్షసబల్లి ఎముకల గురించి వినని ఇల్లు లేదు. ఆ ఎముక ఏ మట్టిలో దొరికింది, ఆ మట్టి ఏం చెబుతుంది అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. నేను పుట్టింది ప్రాణహిత ఒడ్డున, చదువుకున్నది నేలల గురించి. ఎముక ఒక జంతువు సంగతి చెబుతుంది. అది తిరిగిన నేల ఆ కాలపు వానలు, ఎండలు, గాలి సంగతి చెబుతుంది. మన ఊళ్లలో, బడుల్లో, బల్లార్‌పూర్ గనుల్లో పనిచేసే బంధువుల ఇళ్లలో నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి.

శిలాజ నేల అంటే ఏమిటి? మట్టి కూడా శిలాజమవుతుందా?

అవుతుంది. ఒకప్పుడు ఎండావానలకు తెరిచి ఉన్న నేల, చెట్ల వేర్లు దిగిన నేల, పైన వరద ఒండ్రో లావానో బూడిదో వచ్చి కప్పేస్తే అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత లక్షల, కోట్ల ఏళ్లు పైబరువుకు అణిగి గట్టిపడుతుంది. దాన్నే పేలియోసాల్ అంటారు. తెలుగులో శిలాజ నేల అంటే సరిపోతుంది.

నది తెచ్చి పోసిన మట్టి అంతా నేల కాదు. మొన్నటి వరదకు పొలంలో పడ్డ ఒండ్రు ఇంకా నేల కాలేదు. దానిలో వేర్లు దిగాలి, వానపాములు తిరగాలి, పైనుంచి నీళ్లు ఇంకుతూ సున్నాన్నీ బంకమట్టినీ కిందికి దింపాలి. దానికి వందల నుంచి వేల ఏళ్లు పడుతుంది. వాతావరణం తన గుర్తు వేసేది ఆ వేల ఏళ్లలోనే.

ఎర్రమట్టి గట్టు కనిపిస్తే అది పాత నేలే అని ఎలా చెప్పాలి?

మూడు గుర్తులు చూడాలి: వేర్ల జాడలు, పొరలు, మట్టి కట్టు. అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ రెటాలాక్ చాలా ఏళ్లుగా పట్టుబట్టి చెప్పేవి కూడా ఈ మూడే.

వేరు పైన లావుగా ఉండి కిందికి పోతూ సన్నబడుతుంది, కొమ్మలుగా చీలుతుంది. వేరు కుళ్లిపోయినా దాని చుట్టూ మట్టి బూడిద రంగుకో ఆకుపచ్చకో మారి ఉంటుంది. ఎర్రటి గట్టు మీద ఇలాంటి పాలిపోయిన గీతలు కిందికి జారుతూ కనిపిస్తే అక్కడ ఆగి చూడండి.

ఇక పొరలు. పాత నేల పైఅంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, ఎందుకంటే దాన్ని వేరే పదార్థం వచ్చి ఒక్కసారిగా కప్పింది. కింది వైపు అలా ఉండదు. రంగు, గట్టిదనం నెమ్మదిగా మారుతూ పోతాయి.

మూడోది, మట్టి కట్టు. దీన్ని మన రైతులకు నేను నేర్పాల్సిన పని లేదు. రేగడి నేలలో గొయ్యి తవ్వినప్పుడు పెళ్లలు ఊడి వచ్చిన చోట నున్నగా, తడి సబ్బు రాసినట్టు మెరుస్తూ, సన్నటి గీతలతో ముఖాలు కనిపిస్తాయి కదా! మట్టి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, ఒక పెళ్ల మీద ఇంకో పెళ్ల జారడం వల్ల వచ్చేవి అవి. అవే ముఖాలు కోట్ల ఏళ్ల నాటి బంకరాయిలోనూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా నాన్న పత్తి చేను గుర్తొచ్చింది.

ఎర్రగా ఉందంటే అప్పుడు ఇక్కడ ఎడారి ఉండేదనా?

కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఎరుపు హెమటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల వస్తుంది. నీళ్లు నిలవకుండా గాలి ఆడే నేల ఎర్రబడుతుంది. నీళ్లు నిలిచే నేల బూడిద రంగుకు తిరుగుతుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే మన వైపే ఎర్రచెలకలు లేవా? పైగా పూడిపోయిన తర్వాత కూడా పసుపు, గోధుమ రంగు ఇనుప ఖనిజాలు నీటిని పోగొట్టుకుని ఎర్రబడతాయి. కాబట్టి ఎరుపును చూసి నీటి పారుదల గురించి ఒక మాట చెప్పవచ్చు, వాన ఎంతో చెప్పలేం. ఒకే గట్టులో ఎరుపు, బూడిద పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటే మాత్రం శ్రద్ధగా చూడాలి. అది నీటి మట్టం ఎక్కుతూ దిగుతూ ఉన్న చోటు.

మరి వాన ఎంత పడేదో మట్టిలో ఎలా తెలుస్తుంది?

సున్నపు గడ్డల వల్ల. పొలం దున్నినప్పుడు గోలీల్లా, అల్లం కొమ్ముల్లా తెల్లటి గడ్డలు పైకి వస్తాయి. మన పాతవాళ్లు వాటిని బట్టీలో కాల్చి సున్నం చేసేవాళ్లు.

వాన నీరు నేలలోకి దిగుతూ కాల్షియాన్ని వెంట తీసుకుపోతుంది. ఆ తడి ఎంత లోతు దాకా దిగి ఆరిపోతుందో అక్కడ సున్నం గడ్డకడుతుంది. వాన తక్కువైతే పైపైనే కడుతుంది, ఎక్కువైతే లోతుకు పోతుంది. మరీ ఎక్కువైతే కడిగిపోయి అసలు మిగలదు. అమెరికాలో హాన్స్ జెన్నీ, లెనార్డ్ 1934లోనే ఈ సంబంధాన్ని కొలిచారు. తర్వాత రెటాలాక్ నేటి నేలలు వందల్లో పోగుచేసి 2005లో ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం పాత నేల పైఅంచు నుంచి 60 సెంటీమీటర్ల కింద గడ్డలు మొదలైతే ఏడాది వాన సుమారు 477 మిల్లీమీటర్లు. 100 సెంటీమీటర్ల కింద మొదలైతే సుమారు 652.

ఈ అంకెలు చూసి సంతోషపడే ముందు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

సూత్రంలోనే 147 మిల్లీమీటర్లు అటో ఇటో తేడా ఉంది. అంటే 477 అన్నది 330 కావచ్చు, 624 కావచ్చు. చేనుకు ఆ తేడా ఎంతో మీకే తెలుసు.

పాత నేల అణిగిపోయి ఉంటుంది. ఒకప్పుడు 80 సెంటీమీటర్లు ఉన్న లోతు ఇప్పుడు 60కి చేరి ఉంటే, నిజమైన లెక్క 477 కాదు, 570. అణుగుడును సరిచేయకుండా లెక్క కడితే ఎప్పుడూ ఉన్నదానికంటే పొడి వాతావరణమే కనిపిస్తుంది.

మూడోది, గడ్డ పుట్టిన చోటే ఉందా అన్నది. ప్రాణహిత అవతల ఆసిఫాబాద్ వైపు మలేరి అనే రాతి పొరల్లో కొన్ని ఇసుకరాళ్లు ఉన్నాయి. వాటిలో రేణువులు చాలావరకు సున్నపు గడ్డల ముక్కలే. ట్రయాసిక్ కాలపు (20 నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి) నది తన ఒడ్డున ఉన్న నేలల్ని కోసి, అందులోని గడ్డల్ని దొర్లించుకొచ్చి కుప్పపోసింది. చుట్టుపక్కల సున్నం కట్టే పాటి పొడి వాతావరణం ఉండేదని అవి గట్టిగా సాక్ష్యం చెబుతాయి. కానీ వాటి లోతు కొలిచి వాన లెక్క కట్టడం కుదరదు.

సున్నపు గడ్డలు లేని నేలలకు ఇంకో దారి ఉంది. కడిగిపోయే మూలకాలు ఎన్ని పోయాయో, అల్యూమినియం లాంటి కడగబడనివి ఎంత మిగిలాయో ల్యాబులో కొలుస్తారు. కడుగుడు ఎక్కువైతే వాన ఎక్కువ. రేగడి లాంటి నేలలకు ఈ లెక్క వేరేగా కట్టాలి. 2010లో లీ నార్డ్, స్టీవెన్ డ్రీస్ కాల్షియం, మెగ్నీషియం ఆధారంగా దానికో పద్ధతి ఇచ్చారు.

మా నల్లరేగడికీ ఈ పాత నేలలకూ ఏమన్నా సంబంధం ఉందా?

ఉంది. రేగడి ఎండాకాలంలో నెర్రెలు బారుతుంది, తొలకరికి మూసుకుంటుంది. నెర్రెలు పడాలంటే ఏడాదిలో కొన్ని నెలలు బాగా ఎండాలి, మిగతా నెలలు బాగా తడవాలి. ఏడాది పొడవునా తడిసే చోట గానీ ఏడాది పొడవునా ఎండే చోట గానీ అలాంటి నెర్రెలు ఏర్పడవు. అందుకే పాత పొరల్లో నెర్రెల్లోకి జారిన ఇసుక నాలుకలు, మెరిసే జారుడు ముఖాలు కనిపిస్తే అక్కడ వానాకాలం, ఎండాకాలం వేరువేరుగా ఉండేవని అర్థం. మొత్తం వాన ఎంత అన్నదాని కంటే, అది ఎలా పంచుకుని పడింది అన్నదే నేల ఎక్కువ నమ్మకంగా చెబుతుందని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నేటి రేగడిలో కనిపించే సున్నపు గడ్డలన్నీ నేటి వానకు కట్టినవి కావు. కొన్ని ఇంతకంటే పొడిగా ఉన్న కాలం నుంచి మిగిలినవి. నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే, భూ వినియోగ ప్రణాళిక సంస్థ శాస్త్రవేత్తలు ఈ రెండు రకాల గడ్డల్ని వేరు చేయడం మీద ఏళ్ల తరబడి పని చేశారు.

జొన్న పండిందా, వరి పండిందా అన్నది కూడా మట్టిలో తెలుస్తుందంటారు. నిజమేనా?

పంట పేరు తెలియదు. మొక్క ఏ పద్ధతిలో గాలిని వాడుకుందో తెలుస్తుంది. వరి, పత్తి, టేకు, ఇప్ప ఒక పద్ధతి. దాన్ని సీ-3 అంటారు. జొన్న, మొక్కజొన్న, చెరకు, ఎండను తట్టుకునే చాలా రకాల గడ్డి ఇంకో పద్ధతి, సీ-4. కార్బన్‌లో మామూలు రకం, కొంచెం బరువైన రకం ఉన్నాయి. బరువైన దాన్ని కార్బన్-13 అంటారు. సీ-3 మొక్కలు దాన్ని ఎక్కువగా వదిలేస్తాయి, సీ-4 మొక్కలు అంతగా వదిలేయవు. ల్యాబులో దీన్ని ఒక ప్రమాణపు నమూనాతో పోల్చి, వెయ్యికి ఎంత తేడా అని కొలుస్తారు. ఆ కొలతలో సీ-3 సగటు మైనస్ 27 దగ్గర, సీ-4 మైనస్ 13 దగ్గర ఉంటుంది. వేర్లు వదిలే గాలి నేలలోని తడిలో కరిగి సున్నపు గడ్డలో చేరుతుంది. ఆ దారిలో విలువ 14 నుంచి 17 దాకా పెరుగుతుంది. కాబట్టి అడవి కింద కట్టిన గడ్డ మైనస్ 12 దగ్గర, ఎండ గడ్డిమైదానం కింద కట్టినది ప్లస్ 1, 2 దగ్గర ఉంటుంది. దీనికి చిటికెడు పొడి చాలు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది హిమాలయాల పాదాల్లోని శివాలిక్ పొరలు. జే క్వేడ్, థ్యూర్ సెర్లింగ్, జాన్ బౌమన్ పాకిస్తాన్ వైపు శివాలిక్‌లలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న శిలాజ నేలల నుంచి గడ్డలు ఏరి, 1989లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 70 లక్షల ఏళ్ల కిందట విలువలు అడవి వైపు నుంచి గడ్డి వైపు తిరిగాయి. దాన్ని వాళ్లు రుతుపవనాలు బలపడ్డానికి గుర్తుగా చూశారు. తర్వాత ప్రపంచంలో చాలా చోట్ల ఇంచుమించు అదే కాలంలో సీ-4 గడ్డి విస్తరించిందని తేలింది. దాంతో ఒక్క మన రుతుపవనాలతోనే దాన్ని వివరించలేమన్న వాదన వచ్చింది. ఆ చర్చ నాకు చాలా ఇష్టం. గడ్డల కొలత ఎవరూ కాదనలేదు, దాని అర్థం మీదే వాదన.

రాక్షసబల్లుల కాలంలో సీ-4 గడ్డి లేదు కదా, అప్పుడు ఈ కొలత దేనికి?

మంచి ప్రశ్న. అడిగింది తొమ్మిదో తరగతి అమ్మాయి. అప్పటి నేలల్లో అదే కొలత వేరే ప్రశ్నకు జవాబిస్తుంది: గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉండేది?

నేలలో రెండు రకాల కార్బన్ డయాక్సైడ్ కలుస్తుంది. వేర్లు, సూక్ష్మజీవులు వదిలేది ఒకటి, పై గాలి నుంచి దిగేది ఒకటి. పై గాలిది బరువైన రకం. గాలిలో అది ఎంత ఎక్కువుంటే నేలలోకి అంత ఎక్కువ దిగి గడ్డల్ని బరువు వైపు లాగుతుంది. సెర్లింగ్ 1991లో దీన్ని లెక్కగా మార్చాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. నేల తనంతట తాను ఎంత కార్బన్ డయాక్సైడ్ పుట్టించిందో ఊహించి వేయాలి. గడ్డలు కట్టేది వేడిగా, పొడిగా ఉండే నెలల్లోనని, అప్పుడు నేలలో ఆ వాయువు అనుకున్నదానికంటే బాగా తక్కువని డాన్ బ్రీకర్ బృందం 2010లో చూపింది. దాంతో అంతకు ముందు చెప్పిన పాతకాలపు అంకెల్ని బాగా తగ్గించాల్సి వచ్చింది. ఎక్కడైనా పాత పుస్తకంలో పెద్ద పెద్ద అంకెలు చూస్తే అది 2010కి ముందుదా తర్వాతదా చూడండి.

వేడి ఎంతుండేదో?

ఇదీ సున్నపు గడ్డలోనే ఉంటుంది. బరువైన కార్బన్, బరువైన ఆక్సిజన్ ఒకే అణువులో జతకట్టడం వేడి తగ్గినకొద్దీ పెరుగుతుంది. ఆ జతల్ని లెక్కపెడితే గడ్డ కట్టినప్పటి నేల వేడి తెలుస్తుంది. 2006లో ఈ పద్ధతిని ప్రకటించిన వ్యాసానికి మొదటి రచయిత ప్రసేన్‌జిత్ ఘోష్. తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో పనిచేశారు. ఇది ఏడాది సగటు కాదు, గడ్డలు కట్టే నెలల వేడి. లోతుగా పూడి బాగా వేడెక్కిన గడ్డల్లో జతలు చెదిరిపోతాయి కూడా.

మన చుట్టుపక్కల ఏ ఏ కాలాల వాతావరణం కనిపిస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే నేను ఆపను. చాందా (నేటి చంద్రపూర్) నుంచి సిరొంచ దాకా ఒక్క ప్రయాణంలో భూమి మీది వాతావరణాలు చాలావరకు దాటిపోతాం.

అన్నిటికంటే కింద మంచు. చంద్రపూర్ దగ్గర ఇరాయి వద్ద హిమనదం ఈడ్చుకొచ్చిన గండశిలలు, వాటి కింద సున్నపురాయి మీద అవి గీసిన గీతలు 1870ల్లోనే గుర్తించారు. సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి సంగతి. అప్పుడు మన భూభాగం దక్షిణ ధ్రువం వైపు ఉన్న గోండ్వానా అనే మహాఖండంలో భాగం. ఒడిశాలోని తాల్చేర్ పేరు మీదే ఈ పొరల్ని తాల్చీర్ పొరలంటారు.

దాని మీద బొగ్గు. బల్లార్‌పూర్, ఘుగ్గుస్ గనుల బొగ్గు గ్లాసాప్టెరిస్ చెట్ల బురద అడవుల నుంచి వచ్చింది. గనిలో పనిచేసే వాళ్లకు ఒక మాట చెబుతాను: బొగ్గు పొర కింద బూడిద రంగు మట్టిరాయి కనిపిస్తే అందులో వేర్ల కోసం చూడండి. గ్లాసాప్టెరిస్ వేర్లకు వెర్టిబ్రేరియా అని పేరు. లోపల గాలి గదులతో వెన్నుపూసల్లా కనిపిస్తాయి. నీళ్లు నిలిచిన నేలలో బతకడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. అవి నిటారుగా దిగి కనిపిస్తే మీరు ఆ అడవి నేల మీదే నిలబడ్డారన్నమాట.

ఆ పైన బొగ్గు ఆగిపోయి ఎర్ర పొరలు వస్తాయి. మలేరి ఎర్ర బంకరాళ్లు ట్రయాసిక్ చివరి భాగానివి. మొసలిని పోలిన పారాసూకస్ హిస్లోపి ఎముకలు వాటిలోవే. నాగపూర్‌లో ఉండి ఈ ప్రాంతపు శిలాజాలు సేకరించిన స్టీఫెన్ హిస్లాప్ పేరు మీద ఆ పేరు పెట్టారు. నీళ్లలో బతికే జంతువులూ, పొడి నేలలో కట్టే సున్నపు గడ్డలూ ఒకే చోట ఉండడం చూస్తే ఏమనిపిస్తుంది? నది నిండుగా పారే కాలం ఒకటి, గట్ల మీద మట్టి ఎండిపోయే కాలం ఒకటి, రెండూ ఉండేవి. మన ప్రాణహితను వైశాఖంలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

ఇక మన కోట. సిరొంచకు ఉత్తరాన ప్రాణహిత ఒడ్డు ఊరు. ఆ పేరే ట్రయాసిక్ తర్వాతి జురాసిక్ కాలపు కోట పొరలకు పెట్టారు. చేపల శిలాజాలున్న సున్నపురాయి, ఎర్ర బంకరాళ్లు, ఇసుకరాళ్లు ఇందులో ఉంటాయి. సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1961 ప్రాంతంలో తవ్వి తీసిన బరపాసారస్ టాగోరి అనే రాక్షసబల్లి కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. వడధాం శిలాజ పార్కులో రాయిగా మారిన చెట్ల మొద్దులున్నాయి. అక్కడికి పోయినప్పుడు మొద్దుతో ఫొటో దిగాక, అది పడి ఉన్న మట్టిని కూడా ఒకసారి చూడండి.

చివరికి లావా. వరోరా వైపు పిస్దురాలో లావాకు కాస్త ముందటి లమేటా పొరలున్నాయి. అక్కడ దొరికిన, రాయిగా మారిన రాక్షసబల్లి పేడలో గడ్డి మొక్కల సిలికా కణాలు ఉన్నాయని వందనా ప్రసాద్ బృందం 2005లో చూపింది. అప్పటిదాకా రాక్షసబల్లుల కాలంలో గడ్డి దాదాపు లేదనుకునేవాళ్లు. 2011లో లమేటా నుంచే వరి తెగకు చెందిన గడ్డి ఆనవాళ్లూ వెలుగులోకి వచ్చాయి.

కిన్వట్, నాందేడ్ వైపు దక్కన్ లావా పొరల మధ్య ఎర్ర పట్టీలు కనిపిస్తాయి. వాటిని రెడ్ బోల్ అంటారు. ఒక లావాకూ ఇంకో లావాకూ మధ్య విరామంలో రాయి చితికి నేలగా మారడం వల్ల వచ్చినవి కొన్ని, బూడిద మారిపోవడం వల్ల వచ్చినవి కొన్ని.

పాత నేల వయసు ఎలా తెలుస్తుంది?

మట్టికి మట్టిగా వయసు కట్టడం కష్టం. సిరొంచ వైపు ఎముకల్ని బట్టి, పుప్పొడి రేణువుల్ని బట్టి చెబుతారు. అగ్నిపర్వత బూడిద కలిస్తే అదృష్టం. 2015లో బ్లెయిర్ షేన్ బృందం దక్కన్ లావాల మధ్య ఉన్న ఎర్ర పట్టీల్లోంచి జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలు ఏరి వయసు కట్టింది. లావా పొంగడంలో ప్రధాన ఘట్టం రాక్షసబల్లుల అంతానికి సుమారు రెండున్నర లక్షల ఏళ్ల ముందు మొదలైందని ఆ ఎర్రమట్టి వల్లే తేలింది.

ఇన్ని అనుమానాలుంటే ఈ లెక్కల్ని నమ్మడమెలా?

ఒక్క గుర్తును నమ్మకూడదు, నేనూ నమ్మను. చదువుకునే రోజుల్లో ఒక గట్టు నుంచి ముప్పై గడ్డలు ఏరుకొచ్చాను. పైకి కనిపించినవే తీశాను, లోపలికి తవ్వలేదు. ఫలితాలు చిందరవందరగా వచ్చాయి. సగం గడ్డలు నేటి వాననీళ్లకు గట్టు ముఖం మీద కొత్తగా కట్టినవి. రెండు సీజన్ల పని పోయింది. అప్పటి నుంచి అరమీటరైనా లోపలికి తవ్వి, గడ్డను కోసి, లోపలి భాగం చూసి గానీ పొడి తీయను.

గడ్డల లోతు, మట్టి రసాయనం, జారుడు ముఖాలు, మొక్కల ఆనవాళ్లు, ఎముకలు అన్నీ ఒకే వైపు చూపిస్తే అప్పుడు ధైర్యంగా మాట్లాడవచ్చు. ఒక్క నేలతోనే లెక్క తేల్చకుండా, ఒకదాని మీద ఒకటి ఉన్న పది నేలల్ని పోల్చితే ఇంకా మంచిది. కచ్చితమైన అంకె తప్పినా, మార్పు ఏ దిక్కుకు నడిచిందో తప్పే అవకాశం తక్కువ.

ఇప్పటి వాతావరణ మార్పుకు ఇది ఏం పనికొస్తుంది?

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 280 ఉండేది. ఇప్పుడు 420 దాటింది. మంచు గడ్డల్లో చిక్కిన గాలి బుడగలు నేరుగా చూపించే వరుస రికార్డు 8 లక్షల ఏళ్ల వరకే ఉంది. ఆ మొత్తం కాలంలో గాలి ఎప్పుడూ ఇప్పటి స్థాయికి రాలేదు. ఇంత కార్బన్ ఉన్న లోకంలో వానలు ఎలా పడతాయో చూడాలంటే అంతకంటే వెనక్కి పోవాలి. నేల మీది సంగతి చెప్పే సాక్షులు అక్కడ కొద్దిమందే, వాళ్లలో శిలాజ నేల ఒకటి. వచ్చే ఏడాది మీ ఊళ్లో వాన పడుతుందా అంటే మాత్రం అది చెప్పదు. దాని మాట వేల ఏళ్ల సగటు.

మా పిల్లలు ఇది చదవాలంటే?

డిగ్రీలో జియాలజీ, లేదా అగ్రికల్చర్‌లో నేల శాస్త్రం. నాగపూర్‌లో రెండింటికీ అవకాశం ఉంది. పై పరిశోధనకు లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల ఉన్నాయి. తెలుగు మీడియమో మరాఠీ మీడియమో అని టెన్షన్ పడవద్దు. పొలం పని తెలిసిన పిల్లలు గట్టు దగ్గర అందరికంటే ముందుంటారు. నేను కళ్లారా చూశాను.

బావి తవ్వుతుంటే ఎర్ర పొర, తెల్ల గడ్డలు వచ్చాయి. ఏం చేయాలి?

పని ఆపాల్సిన అవసరం లేదు. రింగులు దింపే ముందు ఒక్క గంట ఇవ్వండి, చాలు. గోడకు ఆనించి టేపు వేలాడదీసి ఫొటోలు తీయండి. రంగు ఎక్కడ మారింది, గడ్డలు ఎక్కడ మొదలయ్యాయి, పై నుంచి ఎన్ని అడుగులు అన్నది రాసుకోండి. అప్పుడే తవ్విన లోపలి మట్టిలోంచి పిడికెడు, నాలుగు గడ్డలు వేరువేరు కవర్లలో వేసి, లోతు రాసిన చీటీ లోపల పెట్టండి. చీటీ లేని గడ్డ ఎందుకూ పనికిరాదు. గడ్డను పొడి చేసి నిమ్మరసం చుక్క వేసి చూడండి, బుసబుస పొంగితే సున్నమే. ఎముకలా, చెక్కలా ఉన్నది కనిపిస్తే పెకలించకుండా అలాగే ఉంచి దగ్గరి కాలేజీ జియాలజీ సార్లకు ఫొటో పంపండి. మీ సొంత భూమిలో సరే గానీ రిజర్వు అడవిలోంచి మాత్రం రాయి కూడా తేవద్దు, అనుమతి లేకుండా తేవడం 1927 అటవీ చట్టం కింద నేరం. కవర్లు నీడలో పెట్టండి. మట్టిని కడగకండి, వేర్ల జాడలు దాని మీదే ఉంటాయి.